స్పేషియల్ ఫిల్టర్ అంటే పిన్‌హోలా, గ్రేటింగా? కేబుల్ వేగం కొలవడానికి ఏది కావాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. మీరు చర్లపల్లిలో ఒక కేబుల్ యూనిట్‌లో పనిచేస్తున్నారు. పీవీసీ తొడుగు ఎక్కి, నీళ్ల తొట్టి దాటి, నిమిషానికి 120 మీటర్ల వేగంతో కేబుల్ వస్తుంది. దాని మీద ఆనించిన ఎన్‌కోడర్ చక్రం, అంటే తిరిగిన చుట్లను బట్టి పొడవు లెక్కపెట్టే చక్రం, తడికి జారుతోంది. చక్రం జారితే లెక్క తక్కువ చూపిస్తుంది కాబట్టి, వెయ్యి మీటర్లని చుట్టిన డ్రమ్ములో నిజానికి ఆరేడు మీటర్లు ఎక్కువే వెళ్లిపోతోంది. ఓనర్ లబోదిబోమంటున్నాడు. కాలేజీ రోజుల్లో చదువు చెప్పిన సార్ ఒకాయన "తాకకుండా కొలవాలంటే స్పేషియల్ ఫిల్టర్ పెట్టు" అన్నారు. మీరు వెతికితే ఎక్కడ చూసినా లేజర్ ముందు పెట్టే పిన్‌హోల్, అంటే సూదిమొనంత రంధ్రం ఉన్న రేకు, కనిపించింది. ఎక్కడో పాత హీలియం నియాన్ లేజరూ, ఒక పిన్‌హోల్ స్టాండూ సంపాదించి రెండు రోజులుగా కుస్తీ పడుతున్నారు. చుక్క కూడా కనబడలేదు.

మీ పిన్‌హోల్‌తో వేగం కొలవలేరు. మీ సార్ చెప్పింది గ్రేటింగ్ గురించి, అంటే సమాన దూరాల్లో గీతలున్న పలక గురించి. అలాగని మిమ్మల్ని తప్పు పట్టను. రెండింటినీ స్పేషియల్ ఫిల్టర్ అనే అంటారు కాబట్టి నేనూ కొత్తలో ఇలాగే తికమక పడ్డాను. పైగా చివరికి మీరు కట్టబోయే మీటర్లో ఒక చిన్న రంధ్రం కూడా ఉంటుంది, కాకపోతే దాని పని వేరు. అందుకే రెండింటి గురించీ చెప్తాను.

మా అపార్ట్‌మెంట్ ప్రహరీకి ఇనుప గ్రిల్ ఉంది. రాత్రి కరెంటు పోయినప్పుడు బాల్కనీలో కూర్చుంటే, గ్రిల్ అవతల వాచ్‌మన్ టార్చి పట్టుకుని నడవడం కనిపిస్తుంది. ఊచ అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు ఆరుతుంది, సందులోకి రాగానే వెలుగుతుంది. నాకూ అతనికీ సరిగ్గా మధ్యలో గ్రిల్ ఉందనుకోండి. అతను సెకనుకు ఒక మీటరు నడిస్తే, గ్రిల్ మీద నా చూపు సెకనుకు అర మీటరు జరుగుతుంది. ఊచకీ ఊచకీ మధ్య 10 సెంటీమీటర్లు ఉంటే టార్చి సెకనుకు 5 సార్లు ఆరి వెలుగుతుంది. ఆ మినుకులు లెక్కపెడితే అతని నడక వేగం తెలిసిపోతుంది. అతను ఎవరో, ఏ చొక్కా వేసుకున్నాడో మనకు అక్కర్లేదు.

వేగం కొలిచే స్పేషియల్ ఫిల్టర్ ఇంతే. కేబుల్ ఉపరితలం బింబాన్ని లెన్స్‌తో ఒక గ్రేటింగ్ మీద పడేలా చేస్తాం. ఉపరితలంలో ఉన్న ప్రతి గరుకూ, ప్రతి మచ్చా ఒక టార్చి. గ్రేటింగ్ గీతలే ఊచలు. వెనక ఉన్న ఫోటోడయోడ్ మీ కన్ను. సిగ్నల్ ఫ్రీక్వెన్సీ = మాగ్నిఫికేషన్ × వేగం ÷ గ్రేటింగ్ పిచ్. మాగ్నిఫికేషన్ అంటే బింబం అసలుకి ఎన్ని రెట్లో, పిచ్ అంటే గీతకీ గీతకీ మధ్య దూరం. ఇందులో లేజర్ లేదు, తరంగదైర్ఘ్యం లేదు. మామూలు ఎల్ఈడీ వెలుగు చాలు. 1963లో జె.టి. ఏటర్ అనే ఆయన సమాంతర సందుల పలకతో కదిలే బింబం వేగం కొలవడం గురించి పేపర్ రాశారు, ఈ పద్ధతికి మూలంగా అందరూ దాన్నే చెప్తారు. ఆ మరుసటి ఏడాది, 1964లో, యే, కమిన్స్ ఇద్దరూ హీలియం నియాన్ లేజర్‌తో నీటి ప్రవాహ వేగాన్ని డాప్లర్ పద్ధతిలో, అంటే చెదిరి వచ్చిన వెలుగు ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి, కొలిచారు. లోకం దృష్టంతా ఆ లేజర్ మీదికి పోయింది. చౌకగా అయ్యే పద్ధతి పక్కన పడింది అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నిజానికి రెండు కిరణాల లేజర్ డాప్లర్ కూడా ఇదే గ్రిల్. రెండు కిరణాలు ఒకచోట ఖండించుకుంటే అక్కడ వెలుగు చీకటి చారలు ఏర్పడతాయి. కిరణాల మధ్య కోణం 10 డిగ్రీలైతే, ఎర్ర హీలియం నియాన్‌కి చారల మధ్య దూరం సుమారు 3.6 మైక్రాన్లు. మీ కేబుల్ వేగం సెకనుకు 2 మీటర్లు కదా, సిగ్నల్ 550 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఊచల్ని వాచ్‌మన్ దగ్గరికే తీసుకెళ్లి పాతినట్టు అన్నమాట. దానికి లక్షలు పోయాలి, దుమ్ము తగలకుండా చూసుకోవాలి. కేబుల్ ఫ్యాక్టరీకి ఎందుకండీ ఆ సంత.

ఇప్పుడు పిన్‌హోల్. దీన్నీ జల్లెడగానే చూడండి, కాకపోతే జల్లించేది వేరే సరుకు. లెన్స్ మీద, అద్దం మీద ఒక దుమ్ము రేణువు ఉంటే అది లేజర్ వెలుగును కొంచెం పక్క కోణానికి చెదరగొడుతుంది. గోడ మీద ఉంగరాలు ఉంగరాలుగా కనిపించే చెత్త అదే. లెన్స్‌కి ఒక గుణం ఉంది. ఒకే కోణంలో వచ్చిన వెలుగునంతా తన ఫోకస్ తలంలో ఒకే చుక్కలో పడేస్తుంది. అంటే కోణాన్ని స్థానంగా మారుస్తుంది. తిన్నగా వచ్చిన మంచి వెలుగు మధ్యలో పడుతుంది, చెదిరింది చుట్టూ పడుతుంది. మధ్యలో సరిపడా రంధ్రం పెడితే చెదిరింది ఆగిపోతుంది. ఎర్నెస్ట్ అబ్బే 1873లో మైక్రోస్కోప్ బింబం గురించి చెప్పిన సిద్ధాంతానికి గుండెకాయ ఈ మాటే.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర పాడైన మెష్ ముక్క అడిగితే ఇస్తారు. అంగుళానికి వంద దారాల మెష్ అనుకోండి. వెడల్పు చేసిన లేజర్ వెలుగు దాని గుండా పంపి, 300 మి.మీ. ఫోకస్ ఉన్న లెన్స్ పెట్టండి. ఫోకస్ తలంలో తెల్ల కాగితం పెడితే ముక్కాలు మి.మీ. ఎడంతో చుక్కల ముగ్గు కనిపిస్తుంది. సంక్రాంతికి వాకిట్లో పెట్టే చుక్కల్లాగే, నిలువు వరసలూ అడ్డం వరసలూ. ఇప్పుడు రెండు బ్లేడ్లతో సందు చేసి నిలువు వరస ఒక్కటే పోనివ్వండి. అవతల గోడ మీద మెష్ బింబంలో నిలువు దారాలు మాయమై, అడ్డం దారాలే మిగులుతాయి. మెష్ అక్కడే ఉంది, ఎవరూ దారాలు పీకలేదు. నేను మొదటిసారి చూసినప్పుడు లేచి వెళ్లి మెష్‌ని చేత్తో తడిమి చూశాను.

తేడా మీకు తెలిసే ఉంటుంది. గ్రేటింగ్ ఉండేది బింబం పడే చోట, పిన్‌హోల్ ఉండేది ఫోకస్ తలంలో. ఒకటి స్థానాన్ని జల్లిస్తుంది, రెండోది కోణాన్ని.

మీ పిన్‌హోల్ ఎందుకు కుదరట్లేదో కూడా చెప్పేస్తాను, రెండు రోజుల కష్టం వృథా పోకూడదు. మీరు పెట్టిన ఫోటోలో 20ఎక్స్ ఆబ్జెక్టివ్ (మైక్రోస్కోప్ లెన్స్), 10 మైక్రాన్ల పిన్‌హోల్ ఉన్నాయి. కొత్తవాళ్లకు అది మరీ గట్టి పరీక్ష. కిరణం వ్యాసం 0.8 మి.మీ., లెన్స్ ఫోకస్ 16 మి.మీ. అయితే, అంటే దాదాపు 10ఎక్స్ ఆబ్జెక్టివ్ అన్నమాట, ఫోకస్‌లో చుక్క వ్యాసం సుమారు 16 మైక్రాన్లు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 25 మైక్రాన్ల పిన్‌హోల్ పెడితే వెలుగులో 99 శాతం దాకా బయటికొస్తుంది. చుక్కకి సరిగ్గా సమానమైన రంధ్రం పెడితే 86 శాతం వస్తుంది. కాబట్టి 10ఎక్స్, 25 మైక్రాన్లతో మొదలెట్టండి.

అమర్చే వరస కూడా ముఖ్యం. అందరూ చేసే తప్పు ఏమిటంటే పిన్‌హోల్ బిగించి, ఫోకస్ దగ్గర పెట్టి, చీకట్లో స్క్రూలు తిప్పుతూ కూర్చోవడం. గడ్డివాములో సూది వెతకడమే అది. ముందు లెన్స్ కూడా లేకుండా, లేజర్ గోడ మీద పడే చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. తర్వాత ఆబ్జెక్టివ్ ఒక్కటే పెట్టి, విచ్చుకున్న వెలుగు మధ్యభాగం ఆ గుర్తు మీదే ఉండేలా సర్దండి. ఇది సరిగా చేయకపోతే తర్వాత ఎంత తిప్పినా లాభం లేదు. ఇప్పుడు పిన్‌హోల్ బిగించి, ఆబ్జెక్టివ్‌ని ఒకటి రెండు మి.మీ. వెనక్కి లాగండి. ఫోకస్‌కి దూరంగా ఉంటే పిన్‌హోల్ మీద వెలుగు వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి ఏదో ఒక మూల నుంచి కొంచెం వెలుగు తప్పకుండా కారుతుంది. లైట్లన్నీ ఆర్పి, పిన్‌హోల్‌కి నాలుగంగుళాల దూరంలో తెల్ల కాగితం పట్టుకుంటే మసకగా కనిపిస్తుంది. ఆ మసకని పక్క స్క్రూలతో పెంచండి. తర్వాత ఆబ్జెక్టివ్‌ని జుట్టంత ముందుకు, మళ్లీ పక్క స్క్రూలు, మళ్లీ జుట్టంత ముందుకు. దగ్గరయ్యే కొద్దీ వెలుగు పెరుగుతూ, చుట్టూ ఉంగరాలు పెద్దవవుతూ పోతాయి. ఒక్కసారిగా ఉంగరాలు మాయమై నున్నటి గుండ్రటి వెలుగు మిగులుతుంది. అదీ చోటు. సీలింగ్ ఫ్యాన్ ఆపి చేయండి. ఫ్యాన్ గాలికి స్టాండ్ ఊగితే పాతిక మైక్రాన్లు పోవడం ఎంతసేపు. కంటిని మాత్రం కిరణం ఎత్తుకు దించకండి, కాగితం మీదే చూడండి.

పెద్ద పెద్ద పల్స్ లేజర్లలో ఇదే పిన్‌హోల్‌ని గాలి తీసేసిన గొట్టంలో పెడతారు. ఫోకస్ దగ్గర తీవ్రతకు గాలే నిప్పురవ్వలా పేలిపోతుంది కాబట్టి. మీకు ఆ బాధ లేదు.

ఇక అసలు పనికి వద్దాం. నేను చేసిన మొదటి మీటర్ సంగతి చెప్తే మీకు డిజైన్ సగం అర్థమవుతుంది.

చాలా ఏళ్ల కిందట, జీడిమెట్ల వైపు ఒక ప్లాస్టిక్ ఫిల్మ్ యూనిట్‌కి చేశాను. గ్రేటింగ్ కోసం నేను పడ్డ పాట్లు ముందు చెప్పాలి. మొదట 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) లేజర్ ప్రింటర్‌తో ఓహెచ్‌పీ షీట్ మీద 0.2 మి.మీ. పిచ్ గీతలు తీశాను. ప్రింటర్ చుక్క 42 మైక్రాన్లు. 0.2 మి.మీ.లో నాలుగు చుక్కలు పడతాయి, ఇంకో ముప్పావు చుక్క పడాలి. ముప్పావు చుక్క ఏ ప్రింటరూ వేయదు కదా. దాంతో ఒక గీత లావు, ఒకటి సన్నం. భూతద్దం కింద చూస్తే పిల్లల కాపీరైటింగ్‌లా ఉంది. తర్వాత చిక్కడపల్లిలో డీటీపీ వాళ్ల ద్వారా ఆఫ్‌సెట్‌కి వాడే పాజిటివ్ ఫిల్మ్ తీయించాను. 2540 డీపీఐ అంటే చుక్క సరిగ్గా 10 మైక్రాన్లు. పది చుక్కల నలుపు, పది చుక్కల ఖాళీ. గీసినట్టు వచ్చింది.

సగం పిచ్ జరిపిన రెండు గ్రేటింగ్ ముక్కలు పక్కపక్కన పెట్టి, వెనక రెండు ఫోటోడయోడ్లు, వాటి తేడా తీసే ఒక ఆంప్లిఫయర్. తేడా ఎందుకంటే, ఒకే ఫోటోడయోడ్ పెడితే సిగ్నల్ ఒక పెద్ద గుట్ట మీద కూర్చున్న చిన్న అలలా వస్తుంది. మెరిసే భాగం వస్తే గుట్ట లేస్తుంది, నల్ల భాగం వస్తే పడుతుంది. మనకు కావాల్సింది అల మాత్రమే. సగం పిచ్ తేడాతో ఉన్న రెండింటిలో గుట్ట ఒకేలా ఉంటుంది, అల మాత్రం ఒకదానిలో లేస్తే రెండోదానిలో దిగుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే గుట్ట పోయి అల రెట్టింపవుతుంది. కాగితం మీద.

లైన్ నడుస్తున్నంతసేపూ అద్భుతంగా చూపించింది. టీ తాగి వచ్చేసరికి ఆపరేటర్ నవ్వుతూ నిలబడ్డాడు. "సార్, మిషిన్ ఆగింది గానీ మీ మీటర్ ఆగుతలేదు" అన్నాడు. చూస్తే నిమిషానికి 2.4 మీటర్లు. మిషన్ ఆఫ్, ఫిల్మ్ కదలట్లేదు, మీటర్ మాత్రం 2.4 దగ్గర బండరాయిలా కూర్చుంది. సాయంత్రం దాకా ఆంప్లిఫయర్ ఊగుతోందేమో అని వెతికాను. చివరికి కాగితం మీద లెక్క వేస్తే దొరికింది. నా పిచ్ 0.2 మి.మీ., మాగ్నిఫికేషన్ సగం. అంటే ఫిల్మ్ 0.4 మి.మీ. కదిలితే ఒక అల. నిమిషానికి 2.4 మీటర్లంటే సెకనుకు 40 మి.మీ. నలభైని 0.4తో భాగిస్తే వంద. వంద హెర్ట్జ్! పైన ట్యూబ్‌లైట్. మన 50 హెర్ట్జ్ కరెంటుకి చోక్‌తో వెలిగే పాత ట్యూబ్‌లైట్ సెకనుకు వందసార్లు మినుకుతుంది. నా మీటర్ ఫిల్మ్ వేగం కాదు, ట్యూబ్‌లైట్ వేగం చూపిస్తోంది.

తేడా తీశాం కదా, మినుకు ఎలా మిగిలింది? రెండు ఫోటోడయోడ్ల వెనక పెట్టిన రెసిస్టర్లు 5 శాతం రకం. ఒకటి కొంచెం ఎక్కువ, ఒకటి కొంచెం తక్కువ. గుట్ట పూర్తిగా రద్దు కాలేదు. కోఠి గుజరాతీ గల్లీకి పోయి 1 శాతం రెసిస్టర్లు తెచ్చి, ఒక చిన్న ప్రీసెట్ (తిప్పి సర్దుకునే రెసిస్టర్) పెట్టి రెండు వైపులూ సమం చేసి, లెన్స్ చుట్టూ నల్ల గొట్టం తొడిగాక ఆగింది. మొత్తం ఖర్చు వంద రూపాయలు దాటలేదు, పోయిన పరువు వేరు.

మీరు ఇప్పుడు ఫిల్మ్ గ్రేటింగ్ చేయనక్కర్లేదు. వరసగా 128 పిక్సెల్స్ ఉన్న లైన్ సెన్సర్ తీసుకోండి, టీఎస్ఎల్1401 లాంటిది. పిక్సెల్‌కి పిక్సెల్‌కి 63.5 మైక్రాన్లు. గ్రేటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. వరసగా రెండు పిక్సెల్స్‌ని కూడండి, తర్వాతి రెండింటిని తీసేయండి, మళ్లీ రెండు కూడండి, రెండు తీసేయండి. నాలుగు పిక్సెల్స్‌కి ఒక పిచ్, 0.254 మి.మీ. మొత్తం 32 పిచ్‌లు. ఇదే ప్లస్ మైనస్ వరసని ఒక పిక్సెల్ పక్కకు జరిపి రెండో మొత్తం తీయండి. మొదటిదానికీ దీనికీ పావు అల తేడా ఉంటుంది. ఒకటి సైన్, ఒకటి కొసైన్. ఏది ముందు వస్తోందో చూస్తే కేబుల్ ముందుకు పోతోందా వెనక్కి పోతోందా తెలుస్తుంది. లైన్ ఆగినప్పుడు కేబుల్ గుంజుకుని కొంచెం వెనక్కి వస్తుంది కదా, దాన్ని తీసేయకపోతే ప్రతి ఆగుడుకీ లెక్క పెరుగుతుంది.

మాగ్నిఫికేషన్ సగం పెడితే కేబుల్ 0.508 మి.మీ. జరిగితే ఒక అల. సెకనుకు 2 మీటర్లకు దాదాపు 3,940 హెర్ట్జ్. కనీసం దానికి నాలుగు రెట్లు, అంటే సెకనుకు 16,000 లైన్లు చదవండి. 128 పిక్సెల్స్ ఒకసారి చదివితే ఒక లైన్. ఒక్కో లైన్‌కి 60 మైక్రోసెకన్లు దొరుకుతుంది. ఆ కాసేపట్లో బింబం 60 మైక్రాన్లు జరుగుతుంది, ఒక పిక్సెల్ లోపే, ఫరవాలేదు. కానీ 60 మైక్రోసెకన్లలో సరిపడా వెలుగు అందాలంటే బలమైన ఎల్ఈడీ కావాలి. డీసీతో నడపండి, డిమ్మర్లు, వెలుగును చకచకా ఆర్పి వెలిగించే పీడబ్ల్యూఎం డ్రైవర్లు పెడితే నా ట్యూబ్‌లైట్ కథే మీకూ జరుగుతుంది.

వెలుగు పై నుంచి కొట్టకండి. నల్ల పీవీసీ మెరుస్తుంది, తిన్నగా కొడితే ఒక తెల్లటి చార తప్ప ఏమీ కనబడదు. కేబుల్ పొడవునా, పక్క నుంచి బాగా వాల్చి కొట్టండి. ఎండ వాలినప్పుడు మట్టి రోడ్డు మీద గతుకులన్నీ నీడలతో లేచి కనబడతాయి చూడండి, అలా పీవీసీ గరుకు బయటపడుతుంది. ఆ గరుకు బింబం వెడల్పు పిచ్‌లో సగం దగ్గర ఉంటే సిగ్నల్ బాగుంటుంది. మచ్చ సరిగ్గా పిచ్ అంత వెడల్పు ఉంటే ప్లస్ భాగంలో ఎంతో మైనస్‌లో అంతే పడి సున్నా అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ గ్రేటింగ్‌లో సుఖం ఇదే, పిచ్ మార్చాలంటే నాలుగు పిక్సెల్స్ ప్లస్, నాలుగు మైనస్ అని రాసి, రెండో మొత్తాన్ని రెండు పిక్సెల్స్ జరిపితే చాలు.

సిగ్నల్ స్కోప్‌లో చూస్తే మీకు కంగారు పుడుతుంది. కాలేజీలో చూసిన సైన్ వేవ్‌లా ఉండదు. ఉబ్బుతుంది, సన్నబడుతుంది, ఒక్కోచోట దాదాపు చచ్చిపోతుంది. మచ్చలు వస్తూ పోతూ ఉంటాయి, వాటి అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట నీరసిస్తుంది. అది లోపం కాదు, దాని స్వభావమే అంత. కానీ సున్నా దాటిన ప్రతిసారీ లెక్కపెట్టే కౌంటర్ పెట్టారో, ఆ చచ్చిపోయిన చోట్ల నాయిస్‌ని కూడా లెక్కపెడుతుంది. సైన్, కొసైన్ నుంచి కోణం తీసి, కోణం ఎంత తిరిగిందో కలుపుకుంటూ పోండి. అల ఎత్తు ఒక హద్దు కన్నా తగ్గితే ఆ లైన్లు వదిలేసి, అంతకుముందున్న వేగమే కొనసాగించండి.

కచ్చితత్వం గురించి అడిగారు. ఒక మచ్చ 32 పిచ్‌లు దాటుతుంది కాబట్టి ఒక్కో మచ్చ ఇచ్చే కొలత సుమారు 3 శాతం వెడల్పుగా ఉంటుంది. భయపడకండి. సెకనుకు వందకు పైగా కొత్త మచ్చలు దాటుతాయి, సగటు తీస్తే ఒక సెకనుకే 0.3 శాతం దగ్గరకొస్తుంది. వెయ్యి మీటర్ల డ్రమ్ముకు 500 సెకన్లు పడుతుంది, అప్పటికి ఈ తప్పు లెక్కలోకే రాదు. మిమ్మల్ని ముంచేది ఎలక్ట్రానిక్స్ కాదు, మాగ్నిఫికేషన్. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

50 మి.మీ. ఫోకస్ లెన్స్, కేబుల్ 150 మి.మీ. దూరంలో, సెన్సర్ లెన్స్‌కి 75 మి.మీ. వెనక. మాగ్నిఫికేషన్ సగం. సెన్సర్ కదలదు కాబట్టి, కేబుల్ ఒక మి.మీ. దగ్గరికి వస్తే మాగ్నిఫికేషన్ దాదాపు 0.7 శాతం పెరుగుతుంది. కేబుల్ పైకీ కిందికీ ఊగుతుంటే సగటున రద్దవుతుందిలే అనుకోవచ్చు. కానీ పొద్దున 2 మి.మీ. కేబుల్ నడిపి, మధ్యాహ్నం 6 మి.మీ. కేబుల్ ఎక్కిస్తారు. కింద రోలర్ మీద ఆనుకుని పోతుంది కాబట్టి పైభాగం 4 మి.మీ. లెన్స్ వైపు లేస్తుంది. దాదాపు 2.7 శాతం! వెయ్యి మీటర్లకు ఇరవై ఏడు మీటర్లు. జారే చక్రమే నయం అంటాడు మీ ఓనర్.

ఇక్కడే రంధ్రం వస్తుంది. లెన్స్ వెనక సరిగ్గా 50 మి.మీ. దగ్గర, అంటే ఫోకస్ తలంలో, 5 మి.మీ. రంధ్రం ఉన్న నల్లటి రేకు పెట్టండి. సెన్సర్ దానికి ఇంకో 25 మి.మీ. వెనక ఉంటుంది. ఫోకస్ తలంలో స్థానం అంటే కోణం అని ఇందాక చెప్పుకున్నాం కదా. ఆ రంధ్రం గుండా పోయేది కేబుల్ నుంచి లెన్స్‌కి దాదాపు తిన్నగా వచ్చిన వెలుగే. తిన్నగా వచ్చే కిరణానికి కేబుల్ దగ్గరున్నా దూరమున్నా ఒకటే, లెన్స్ మీద అదే చోట పడుతుంది, సెన్సర్ మీద అదే చోటికి చేరుతుంది. కేబుల్ లెన్స్ వైపు జరిగితే బింబం కొంచెం మసకబారుతుంది, కానీ పెద్దదవదు. టెలిసెంట్రిక్ లెన్స్ అని అమ్మేది దీన్నే. అంటే మీ లేజర్ ముందున్న పిన్‌హోల్‌కి తోడబుట్టిన జల్లెడ మీ మీటర్లో ఫోకస్ దగ్గర ఉంటుంది, మీ సార్ చెప్పిన జల్లెడ బింబం దగ్గర ఉంటుంది, రెండూ ఒకే గొట్టంలో.

మసక ఎంతో చూద్దాం. 5 మి.మీ. రంధ్రంతో, ఫోకస్ 2 మి.మీ. తప్పినా కేబుల్ మీద మసక 0.2 మి.మీ. మాత్రమే. మన పిచ్ కేబుల్ మీద 0.508 మి.మీ. కాబట్టి సిగ్నల్ తగ్గుతుంది గానీ పోదు. 4 మి.మీ. తప్పితే మసక 0.4, అది ఎక్కువ. అందుకని 4 మి.మీ. కేబుల్ పైభాగానికి ఫోకస్ చేసి పెట్టండి, 2 నుంచి 6 దాకా అటూ ఇటూ రెండేసి మి.మీ.లలో సర్దుకుంటుంది. ఒక్క షరతు, లెన్స్ చూసే మేర కన్నా లెన్స్ పెద్దదిగా ఉండాలి. సెన్సర్ పొడవు 8.1 మి.మీ., కేబుల్ మీద అది 16 మి.మీ. పైచిలుకు. రంధ్రం గుండా పోయే వెలుగు లెన్స్ చేరేసరికి ఇంకో 15 మి.మీ. విచ్చుకుంటుంది. లెన్స్ వ్యాసం 32 మి.మీ.కి తగ్గకుండా తీసుకోండి. రంధ్రం ఇంకా చిన్నది చేస్తే మసక ఇంకా తగ్గుతుంది, వెలుగూ తగ్గుతుంది. ఐదు మిల్లీమీటర్లే నా సలహా.

సెన్సర్ గీత కేబుల్‌కి సమాంతరంగా ఉండాలి. 5 డిగ్రీలు వంకర ఉంటే 0.4 శాతం తప్పు, 3 డిగ్రీలకు 0.14. కంటితో చూసి బిగించినా 3 డిగ్రీల లోపే వస్తుంది. పక్కకు ఊగకుండా చూడటం ఇంతకన్నా ముఖ్యం. కేబుల్ గుండ్రం కదా, సెన్సర్ చూసేది దాని వీపు మీద సన్నటి గీతని. పక్కకు జరిగితే మచ్చలు 32 పిచ్‌లు దాటకుండానే గీతలోంచి తప్పుకుంటాయి. మీటర్‌కి ముందొకటి, వెనకొకటి గైడ్ రోలర్లు పెట్టించండి. రాణిగంజ్‌లో బేరింగ్‌తో సహా దొరుకుతాయి. నీళ్ల తొట్టికీ మీటర్‌కీ మధ్య ఎయిర్ వైప్, అంటే కేబుల్ మీది నీళ్లని గాలితో ఊదేసేది, తప్పనిసరి. కేబుల్ మీద జారే నీటి బొట్టు తన సొంత వేగంతో జారుతుంది, సెన్సర్‌కి ఆ బొట్టే అన్నిటికన్నా బాగా మెరుస్తూ కనిపిస్తుంది.

మరి ఆ లేజర్ ఏం చేసుకోవాలి అంటారా? వృథా కాదు. పీవీసీ మరీ నున్నగా ఉండి ఎల్ఈడీకి గరుకు దొరక్కపోతే, లేజర్ వెలుగు పడినప్పుడు కనిపించే మిణుకు మచ్చలు, స్పెకిల్ అంటారు కదా, వాటినే మచ్చలుగా వాడొచ్చు. పిన్‌హోల్‌తో శుభ్రం చేసి, ఇంకో లెన్స్‌తో సమాంతర కిరణంగా మార్చి కొడితే, స్పెకిల్ ఉపరితలంతో సమాన వేగంతో జరుగుతుంది. మధ్యలో లెన్స్ లేకుండానే మాగ్నిఫికేషన్ ఒకటి. కిరణం విచ్చుకుంటూనో ముడుచుకుంటూనో ఉంటే మాత్రం స్పెకిల్ వేగం దూరాన్ని బట్టి మారిపోతుంది. ఇంకో చిక్కుంది. వెలుగు పడే మచ్చ 2 మి.మీ. ఉంటే, కేబుల్ 2 మి.మీ. జరిగేసరికి స్పెకిల్ మొత్తం కొత్తదైపోతుంది. 0.2 మి.మీ. పిచ్‌కి పది అలలే దొరుకుతాయి. నేనైతే ఎల్ఈడీతో కుదరలేదని తేలాకే దీని జోలికి పోతాను.

ముందు ఈ ఆదివారం ఒక పని చేయండి. కేబుల్ ఉండే చోట స్టీల్ స్కేలు పెట్టి, సెన్సర్ అవుట్‌పుట్ గ్రాఫ్ తీయండి. మి.మీ. గీతలు పళ్ల దువ్వెనలా కనిపిస్తాయి, 128 పిక్సెల్స్‌లో పదహారు గీతలు పట్టాలి. రంధ్రం రేకు లేకుండా స్కేలును 2 మి.మీ. పైకి లేపి మళ్లీ లెక్కపెట్టండి. తర్వాత రేకు పెట్టి అదే చేయండి. మొదటిసారి గీతల మధ్య పిక్సెల్స్ పెరిగి, రెండోసారి పెరగకపోతే రేకు సరైన చోటే ఉంది. రెండోసారి కూడా పెరిగితే రేకు లెన్స్‌కి మరీ దగ్గరగా ఉన్నట్టు, తగ్గితే మరీ దూరంగా ఉన్నట్టు. ఆ నాలుగు గ్రాఫులూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.